పటంలో లేని చేయి

మీ వృత్తి ఏమిటని ఎవరైనా అడిగితే ఫోటోలు తీయడమని చెబుతాను. వేటి ఫోటోలని మళ్ళీ అడిగితే గుఱ్ఱాలవంటాను. పందెపు గుఱ్ఱాలా అని వారు ఉత్సాహంతో కుర్చీ ముందుకు జరుపుకొంటారు. కాదు, వాటి తండ్రులవి అంటాను. అక్కడితో సంభాషణ ఒక నవ్వుతో ముగిసిపోతుంది. ఆ నవ్వులో తప్పేమీ లేదు. పరుగు మానిన మగగుఱ్ఱాన్ని ఒకచోట నిలబెట్టి, దాని రూపాన్ని కాగితం మీదికి ఎక్కించి, ఆ పనితో పిల్లలను చదివించుకొన్న మనిషి ఒకడు ఉంటాడని చాలామందికి తోచదు. ముప్ఫయి అయిదేళ్ళకు పైగా నేను చేసిన పని అదే. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పును గురించి, దానిని తన నెత్తిన వేసుకొన్న ఒక మనిషిని గురించి చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. కాని ఆ తప్పు అర్థం కావాలంటే ముందుగా ఆ పని ఏమిటో తెలియాలి.

మా ఊరు పుణె. ఊరి చుట్టుపట్ల మేలుజాతి గుఱ్ఱాలను పెంచే స్టడ్ ఫారాలు చాలా ఉన్నాయి. మన దేశంలో పుట్టిన థారోబ్రెడ్ గుఱ్ఱాల పేర్లూ, వాటి తల్లిదండ్రుల పేర్లూ నమోదయ్యే స్టడ్ బుక్కు కార్యాలయం కూడ ఈ ఊరిలోనే ఉన్నది. మా నాన్నగారికి కంటోన్మెంటులో చిన్న స్టూడియో ఉండేది. పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు, పండుగనాడు పిల్లలను ఎక్కించి తీసే కొయ్యగుఱ్ఱం ఫోటోలు, ఇదీ మా వ్యాపారం. 1988లో ఒక ఫారం వారు తమ మగగుఱ్ఱాల చిత్రాలతో పుస్తకం వేయదలచి నాన్నగారికి కబురు పంపారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. నేను వెళ్ళాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. గుఱ్ఱాన్ని గురించి నాకు తెలిసినదంతా టాంగా వెనుక సీటులో కూర్చుని నేర్చుకొన్నదే.

థారోబ్రెడ్ అనేది ఇంగ్లండులో పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాలలో రూపు కట్టిన జాతి. నేడు లోకంలో ఎక్కడ పరుగెత్తే థారోబ్రెడ్ అయినా సరే, తండ్రి, తాత, ముత్తాత అంటూ వెనుకకు పోతే, తూర్పు దేశాలనుంచి ఇంగ్లండుకు చేరిన మూడు మగగుఱ్ఱాలలో ఏదో ఒకదాని దగ్గర ఆగవలసిందే. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అని వాటి పేర్లు. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. అలా పుట్టిన పిల్లను స్టడ్ బుక్కులో చేర్చుకోరు. ఆడగుఱ్ఱాన్ని మగగుఱ్ఱం దగ్గరకు తీసుకొని రావలసిందే. మన దేశంలో ఈ ఋతువు చలికాలం చివర మొదలై వేసవితో ముగుస్తుంది. తల్లి పదకొండు నెలలు మోస్తుంది. ఆడగుఱ్ఱం ఉన్న యజమాని ఏ తండ్రిని ఎన్నుకోవాలా అని ఆలోచించేటప్పుడు మూడు విషయాలు చూస్తాడు: వంశం, పందేలలో సాధించిన గెలుపు, శరీర నిర్మాణం. మొదటి రెండూ అచ్చులో చదువుకోవచ్చు. మూడవదానిని నేను చూపించాలి. నా పటం చూచి ఎన్నుకొన్న తండ్రికి పుట్టిన పిల్ల మూడేళ్ళ తరువాత ముంబయి మహాలక్ష్మిలోనో, బెంగళూరులోనో, హైదరాబాదు మలక్‌పేటలోనో పరుగెత్తుతుంది.

ఆ పటానికి ఒక శాస్త్రమున్నది. గుఱ్ఱం తన ఎడమ పక్కను మనకు చూపుతూ చదునైన నేల మీద నిలవాలి. నాలుగు కాళ్ళూ కనబడాలి. అందుకోసం ఇవతలి ముందుకాలు కొంచెం ముందుకు, ఇవతలి వెనుకకాలు కొంచెం వెనుకకు ఉండాలి. అవతలి కాళ్ళు రెండూ వాటి నడుమ కనబడాలి. కెమెరా గుఱ్ఱపు డొక్క ఎత్తులో ఉండాలి. దగ్గరగా నిలిచి తీస్తే అవయవాల పొంతన చెడిపోతుంది కనుక, దూరంగా నిలిచి పొడుగు లెన్సుతో తీయాలి. గిట్టలు గడ్డిలో మునగరాదు. అన్నిటినీ మించి చెవులు రెండూ నిక్కి ముందుకు ఉండాలి. చెవులు వాలితే మందకొడి అంటారు. వెనుకకు అణగితే దుష్టమంటారు. ఆ చెవులకోసం డబ్బాలో గింజలు పోసి గలగలలాడిస్తారు, అద్దం మెరిపిస్తారు, ఇప్పుడైతే సెల్‌ఫోనులో ఆడగుఱ్ఱపు సకిలింపు వినిపిస్తారు.

వీటన్నిటికీ చివర ఇంకొక నియమం. పటంలో గుఱ్ఱం ఒంటరిగా ఉండాలి. తాడు పట్టుకొన్న సైసు చట్రానికి బయట నిలవాలి. అతని చేయి లోపలికి వస్తే దానిని తీసివేయాలి. ఆ రోజులలో ఈ పని కుంచెతో, సన్నని చాకుతో జరిగేది. తరువాత కంప్యూటరుతో జరిగింది. చేతిని చెరిపి, దాని వెనుక ఉండవలసిన పచ్చికను, ఆకాశాన్ని అతికించేవారు. అయిదువందల కిలోల ప్రాణి తనంతట తానే వచ్చి, కాళ్ళు పొందికగా అమర్చుకొని, మన మెప్పుకోసం నిలబడినట్లు ఉండేది.

ఈ మర్యాద మేము కనిపెట్టినది కాదు. ఇంగ్లండులో 1762 ప్రాంతంలో జార్జి స్టబ్స్ అనే చిత్రకారుడు విజిల్‌జాకెట్ అనే మగగుఱ్ఱాన్ని దాదాపు నిలువెత్తున చిత్రించాడు. ఇప్పుడది లండను నేషనల్ గ్యాలరీలో ఉన్నది. ఎత్తు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. అందులో నేల లేదు, చెట్టు లేదు, ఆకాశం లేదు, మనిషి లేడు, తాడు లేదు. శూన్యంలో గుఱ్ఱం వెనుకకాళ్ళ మీద లేచి ఉన్నది. ఆ గుఱ్ఱం తన బొమ్మను తానే చూచి, మరొక మగగుఱ్ఱమనుకొని దాని మీదికి దూకబోయిందని ఒక కథ చెబుతారు. స్టబ్స్ ఊహతో గీసినవాడు కాడు. గ్రామంలో ఒక ఇంట్లో చచ్చిన గుఱ్ఱాలను వేలాడదీసి, తోలు ఒలిచి, కండ తరువాత కండ కోసి చూచి, 1766లో గుఱ్ఱపు శరీర నిర్మాణాన్ని గురించి గ్రంథం ప్రకటించాడు. అయినా పరుగెత్తే గుఱ్ఱం కాళ్ళు ఎలా కదులుతాయో అతనికీ, అతని తరువాతివారికీ కంటికి చిక్కలేదు. 1821లో ఎప్సమ్ పందేన్ని చిత్రించిన ఫ్రెంచి చిత్రకారుడు జెరికో కూడ గుఱ్ఱాలు నాలుగు కాళ్ళూ ముందుకూ వెనుకకూ చాచి గాలిలో తేలుతున్నట్లే గీశాడు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి అనే ఆయన వరుసగా కెమెరాలు నిలిపి, పరుగెత్తే గుఱ్ఱాన్ని ఫోటోలు తీసి ఆ చిక్కు విప్పాడు. నాలుగు గిట్టలూ నేలను విడిచే క్షణం ఉన్నది కాని, అప్పుడు కాళ్ళు చాచుకొని ఉండవు, పొట్ట కిందికి ముడుచుకొని ఉంటాయి.

కెమెరా ఆ విధంగా చిత్రకారుల కంటిని దిద్దింది. నాకు ఆ సంగతి గర్వకారణంగా ఉండేది. కన్ను చూడలేనిది మా యంత్రం చూస్తుందనీ, అది అబద్ధమాడదనీ అనుకొనేవాడిని.

మన పూర్వులు గుఱ్ఱాన్ని చూచిన తీరు వేరు. శాలిహోత్రుడి పేరిట, నకులుడి పేరిట అశ్వశాస్త్రాలున్నాయి. పశువైద్యుణ్ణి ఉత్తరాదిన సలోత్రీ అనే మాటతో పిలవడం ఆ శాలిహోత్రుడి జ్ఞాపకమే. ఒంటి మీద వెంట్రుకల సుడులు ఎక్కడెక్కడ ఉన్నవో లెక్కించి, ఏది యజమానికి జయమిస్తుందో, ఏది కుటుంబానికి కీడు తెస్తుందో వారు చెప్పేవారు. మనం దానిని మూఢనమ్మకమని తోసివేశాం. కాని నేటికీ థారోబ్రెడ్ పిల్ల పుట్టినప్పుడు పశువైద్యుడు వచ్చి, బొమ్మ మీద దాని తెల్లమచ్చలనూ సుడులనూ గుర్తిస్తాడు. ఏ రెండు గుఱ్ఱాల సుడులూ ఒక్క తీరున ఉండవు గనుక గుర్తింపుకు అవి పనికి వస్తాయి. సుడులలో భవిష్యత్తును వెదికినవారు పోయారు. సుడులలో ఆనవాలు వెదికేవారు ఉన్నారు. ఆ గుఱ్ఱపు స్వభావం ఏమిటనే ప్రశ్నకు మాత్రం చోటు ఈ రెండింటిలోనూ తక్కువే.

టిప్పు సుల్తాను కాలంలో మొదలైన కుణిగల్ అశ్వశాలను ఒకసారి చూచాను. బెంగళూరుకు పడమరగా, తుమకూరు జిల్లాలో ఉన్నది. సైన్యానికి గుఱ్ఱాలను పెంచిన ఆ నేల మీదనే తరువాతి కాలంలో పందెపు గుఱ్ఱాలను పెంచారు. అక్కడి ముసలి సైసు ఒకరు, మగగుఱ్ఱాన్ని చూడాలంటే ముందు దాని తొట్టిని చూడమన్నారు. తొట్టి అంచు కొరికి ఉంటే దానికి విసుగు. నేల తవ్వి ఉంటే ఆత్రం. గడ్డి మిగిలి ఉంటే దిగులు. ఆయన చెప్పినది ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

మేలుజాతి మగగుఱ్ఱం బతుకు బయటివారు అనుకొనేటంత రాజభోగం కాదు. గుఱ్ఱం మందలో బతికే జంతువు. దానిని పరుగు మాన్పించి, ఎత్తయిన కంచె ఉన్న పచ్చిక దొడ్డిలో ఒంటరిగా ఉంచుతారు. మరొక మగగుఱ్ఱం కంటబడితే పోరాడుతుంది కనుక రెండు దొడ్ల నడుమ బాట వదలుతారు. తోటివారి స్పర్శ దానికి ఋతువులో కొన్ని నిమిషాలు మాత్రమే. మిగిలిన కాలమంతా దానికున్న లోకం ఒక సైసు. అట్టి ఒంటరితనాన్ని ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున భరిస్తుంది. స్వభావమని మనమనేది చాలావరకు ఆ భరించే తీరే.

మొదటి ఫారంలో నేను చూచిన బూడిదవన్నె ముసలిది ఏ డబ్బా చప్పుడుకూ చెవి కదిపేది కాదు. ఉదయం ఏడు గంటలకు నీళ్ళబండి వచ్చేది. ఆ ఎద్దుల మెడలోని గంట వినిపించగానే ముసలిది మెడ చాచి, చెవులు నిక్కించి, బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలిచేది. దాని పటాలన్నీ నేను ఏడు గంటలకే తీశాను. రాగివన్నెది ఇంకొకటి ఉండేది. దానికి ఒక మేక తోడు. మేకను తీసుకుపోతే కొట్టం తలుపును తన్నేది. మేక ఉంటే పసిపిల్లవానిలా నిలిచేది. గొడాల్ఫిన్ అరేబియన్‌కు ఒక పిల్లి నేస్తముండేదనీ, పాత చిత్రాలలో ఆ పిల్లి కూడ ఉన్నదనీ తరువాత చదివాను. నా పటంలో మేకకు చోటు దొరకలేదు. అది గుఱ్ఱపు కాళ్ళ నడుమ నిలిచి తీయించుకొన్న పటం మా ఇంట్లో ఉన్నది.

ప్రతి ఫారంలోనూ పేరు లేని మగగుఱ్ఱం ఒకటి ఉంటుంది. ఆడగుఱ్ఱం సిద్ధంగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ముందుగా దీనిని కంచె అవతల నిలబెడతారు. ఆడగుఱ్ఱం కోపగిస్తే తన్నులు దీనికి. మెత్తబడితే దీనిని లాక్కొని పోయి, వంశమున్నదానిని తీసుకొని వస్తారు. టీజర్ అంటారు. దాని పటం ఎవరూ అడగరు. నేను చూచిన అన్ని గుఱ్ఱాలలో ఓర్పు గలది అదే.

ఇక నా తప్పు సంగతి. ఒక ఫారంలో ముదురు గోధుమవన్నె మగగుఱ్ఱం ఉండేది. ఐర్లండునుంచి వచ్చింది. కరుస్తుందని పేరు. దానిని సాకే సైసు యాభై దాటినవాడు. అందరూ ఆయనను చాచా అనేవారు. నేనూ చాచా అనేవాడిని. ఆయన గుఱ్ఱాన్ని బేటా అని పిలిచేవాడు. ఆయన చేతిలో అది ఎవరినీ కరవగా నేను చూడలేదు. 1990 జనవరిలో ఒక సాయంకాలం దానిని తీయవలసి వచ్చింది. అరగంట నిలబెట్టాం. కాళ్ళు కుదిరాయి, వెలుతురు కుదిరింది, చెవులు మాత్రం కుదరలేదు. చాచా గొంతు వింటూ అది సగం నిద్రలో ఉన్నది. ఒక చెవి ఆయన వైపు, ఒక చెవి పక్కకు. ఎండ వాలిపోతున్నది.

సెయింట్ సైమన్ అనే పేరుగాంచిన గుఱ్ఱం కథ అంతకు కొన్నాళ్ళ క్రితమే చదివాను. 1881లో పుట్టిన ఆ గుఱ్ఱం మహా కోపిష్ఠి అనీ, దేనికీ లొంగనిది ఒక్క గొడుగుకు మాత్రం బెదిరేదనీ చెబుతారు. నా సంచిలో గొడుగు ఉన్నది. చాచాకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. కెమెరాను కాలి మీద నిలిపి, మీట తీగను కుడిచేత పట్టుకొని, ఎడమచేత గొడుగును ఒక్కసారిగా విప్పాను.

చెవులు నిక్కాయి. మీట నొక్కాను. మరుక్షణంలో గుఱ్ఱం వెనుకకాళ్ళ మీద లేచింది. చాచా తాడు వదలలేదు. వదిలితే అది బాట దాటి పక్క దొడ్డిలోని మగగుఱ్ఱం మీదికి పోయి ఉండేది. ఆ రెండింటిలో ఒకటి బతికేది కాదు. దిగుతూ దాని భుజం ఆయనను గుంజకు నెట్టింది. కుడి మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన తాడును ఎడమచేతికి మార్చుకొని, ఏమీ జరగనట్టు, బేటా, బేటా అంటూ నిలిచాడు. గుఱ్ఱం వణుకుతూ వచ్చి ముట్టెను ఆయన ఛాతీకి ఆనించింది. నేను గొడుగు మూశాను.

మేనేజరు పరుగెత్తుకొని వచ్చాడు. ఏం జరిగిందని అడిగాడు. చాచా నా వైపు చూడలేదు. "తాడు చేతికి చుట్టుకొన్నాను సాహెబ్. అది కొంచెం తల విదిలించింది. నాదే తప్పు" అన్నాడు.

ఈ మాట బరువు తెలియనివారికి చెప్పాలి. తాడును చేతికి చుట్టుకోరాదన్నది సైసు పనిలో చేరిన కుర్రవాడికి మొదటి రోజున నేర్పే పాఠం. చుట్టుకొంటే గుఱ్ఱం లాగినప్పుడు చేయి దానితో పోతుంది. తాడును మడతలు వేసి అరచేతిలో పట్టుకోవాలి, వేళ్ళు విప్పితే జారిపోవాలి. ముప్ఫయి ఏళ్ళు పని చేసినవాడు తాడు చుట్టుకొన్నానని చెప్పుకోవడం, సంగీత విద్వాంసుడు నాకు శ్రుతి తెలియదని సభలో ఒప్పుకోవడం వంటిది. మేనేజరు విసుగుకొన్నాడు. నేను అక్కడే ఉన్నాను. గొడుగు సంచిలో ఉన్నది. నోరు విప్పలేదు.

ఆ రాత్రి ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని, ఎందుకలా చెప్పావు చాచా అని అడిగాను.

"గుఱ్ఱం మీద పడిందని చెబితే దానికి చెడ్డపేరు వస్తుంది సాహెబ్. రేపటినుంచి నోటికి గొలుసు వేస్తారు. ఇద్దరు మనుషులు కర్రలతో వస్తారు. అప్పుడది నిజంగానే చెడిపోతుంది. నా చేయి నలభై రోజులలో అతుక్కుంటుంది."

"నా తప్పని చెప్పవలసింది."

"చెబితే మిమ్మల్ని రానివ్వరు. మీరు రావాలి. ఈసారి గొడుగు ఇంట్లో పెట్టి రండి."

చేయి అతుక్కొన్నది కాని కొంచెం వంకరగా అతుక్కొన్నది. నేను తీసిన ఆ పటం పుస్తకానికి ముఖచిత్రమైంది. నిక్కిన చెవులు, విచ్చుకొన్న ముక్కుపుటాలు, మెరిసే కన్ను, ఎంత చురుకైన గుఱ్ఱమని చూచినవారందరూ మెచ్చుకొన్నారు. ఆ పటం వల్ల నాకు మరి నాలుగు ఫారాలలో పని దొరికింది. అది చురుకు కాదు, భయమని నాకు తెలుసు. మరొకరికి తెలిసే అవకాశం లేదు. చట్రం అంచున కనబడిన చాచా చేతిని నేనే స్వయంగా చాకుతో గీకి తీసివేశాను. యంత్రం అబద్ధమాడదని నమ్మినవాణ్ణి, ఒకే పటంలో రెండు అబద్ధాలాడాను.

ఆ తరువాత నా పని తీరు మారింది. ఏ ఫారానికి వెళ్ళినా మొదటి రెండు రోజులు కెమెరా బయటకు తీసేవాడిని కాను. కంచె దగ్గర కూర్చునేవాడిని. చాచా సెలవులో ఉన్నప్పుడు నా పక్కన కూర్చుని నేర్పిన పాఠాలే అవి. గుఱ్ఱపు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తన చుట్టూ దాదాపు అంతా దానికి కనబడుతుంది. నుదుటికి సరిగ్గా ముందు కొంచెం, తోక వెనుక కొంచెం మాత్రం కనబడదు. అందుకని ఎదురుగా వెళ్ళరాదు, వెనుకగా వెళ్ళరాదు, భుజం వైపునుంచి మాట్లాడుతూ వెళ్ళాలి. చెవులు రెండూ వేరువేరుగా తిరుగుతాయి. ఒక చెవి ఎక్కడున్నదో మనసులో సగం అక్కడున్నది. రెండు చెవులూ ఒకే వైపు నిక్కి ఉంటే అక్కడ ఏదో దానికి అర్థం కానిది ఉన్నదన్నమాట. మేము ఇన్నాళ్ళూ అందమని అచ్చు వేసినది ఆ అర్థం కాకపోవడమే.

2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు గుఱ్ఱాలకు మనుషుల ఫోటోలు చూపి పరీక్షించారు. కోపపు ముఖం చూపినప్పుడు గుఱ్ఱాలు తల తిప్పి ఎడమ కంటితో చూచాయి, గుండె వేగంగా కొట్టుకొన్నది. ఈ సంగతి చదివి చాలాసేపు ఊరక కూర్చున్నాను. నేను వాటి ఫోటోలు తీసి వాటి స్వభావాన్ని చదవాలని ఇన్నేళ్ళు ప్రయత్నించాను. మన ఫోటో చూచి మన స్వభావాన్ని చదవడం వాటికి వచ్చును.

స్టబ్స్ గీసిన మరొక చిత్రాన్ని గురించి కూడ చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను. హాంబుల్టోనియన్ అనే గుఱ్ఱం 1799లో న్యూమార్కెట్‌లో ఒక ఘోరమైన పందెం గెలిచింది. కొరడా, ముల్లు తిని గెలిచింది. అప్పటికి డెబ్బయి అయిదేళ్ళ స్టబ్స్ దానిని గెలుపు వేళ గీయలేదు. అలసి నిలిచిన గుఱ్ఱాన్ని, దానిని తుడిచే సైసు కుర్రవాణ్ణి కలిపి గీశాడు. కుర్రవాడి చేయి గుఱ్ఱం మూపు మీద ఉన్నది. యౌవనంలో శూన్యంలో గుఱ్ఱాన్ని నిలిపినవాడే ముసలితనంలో ఆ చేతిని గీశాడు. నాకు ధైర్యం కలిగింది.

గోధుమవన్నె గుఱ్ఱం చివరి ఋతువు 2005. ఆ ఏడు దాని పటాన్ని చాచా చేతితో సహా తీసి పంపాను. పుస్తకం వచ్చింది. చేయి లేదు. అచ్చువేసినవారు కంప్యూటరుతో తీసివేశారు. వారిని నిందించలేదు. ఆ విద్య వారికంటె ముందు నాది. తరువాత రెండేళ్ళకు గుఱ్ఱం పోయింది. చాచా పని మానుకొని ఊరు చేరాడు.

2009లో పెద్ద పటం ఒకటి వేయించి, చట్రం కట్టించి, ఆయన ఊరు వెళ్ళాను. ఆయన పటాన్ని వాకిట్లోకి తెచ్చి వెలుతురులో పెట్టి చూచాడు. తనను చూచుకోలేదు. కాళ్ళు చూచాడు, మూపు చూచాడు, కన్ను చూచాడు.

"నా ముఖమెందుకు పెట్టారు సాహెబ్? చూచేవాళ్ళు గుఱ్ఱాన్ని చూడాలి కదా" అన్నాడు. ఆ పైన తన బొటనవేలిని పటంలోని తన ముఖం మీద ఆనించి, కొంచెం దూరంగా పట్టి మళ్ళీ చూచాడు. "ఇంతవరకు చాలు. చేయి ఉండనివ్వండి. చూడండి, వాడి చెవి అటే ఉన్నది."

అప్పుడు చూచాను. ఇవతలి చెవి నిక్కి లేదు. మెత్తగా ఆయన చేతి వైపు తిరిగి ఉన్నది. పుస్తకం లెక్కలో అది లోపం.

తిరిగి వచ్చేటప్పుడు ఆ పాత ఫారంలో ఆగాను. కొత్త కుర్రవాళ్ళకు ఒక పెద్ద సైసు తాడు పట్టుకోవడం నేర్పుతున్నాడు. చేతికి చుట్టుకోకండిరా అని చెబుతూ, "చాచా అంతటివాడే ఒకనాడు చుట్టుకొని మణికట్టు విరగ్గొట్టుకొన్నాడు" అన్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ ఫారంలో అది పాఠంగా సాగుతున్నది. నేను అతనికి నిజం చెప్పాను. అతడు నవ్వి, పెద్దవాడిమీది గౌరవంతో అంటున్నారు లెండి అన్నాడు. మేనేజరు ఎప్పుడో మారిపోయాడు. చెప్పవలసినప్పుడు చెప్పని నిజానికి తరువాత విలువ ఉండదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ సాయంకాలం గుఱ్ఱం తల విదిలించలేదు, గొడుగు విప్పినవాణ్ణి నేను. సాక్ష్యం కావాలంటే మా ఇంట్లో గోడ మీద ఆ 2005 నాటి పటం రెండవ ప్రతి ఉన్నది. దగ్గరగా చూస్తే వంకరగా అతుక్కొన్న మణికట్టు కనబడుతుంది. అరచేతిలో తాడు మడతలు మడతలుగా, ఒకదాని మీద ఒకటి, వేళ్ళు విప్పితే జారిపోయేటట్టు ఉన్నది. ఆయన ఏనాడూ తాడును చేతికి చుట్టుకోలేదు.